ఎడమ చేయి ఎక్కడ ఉంది

పన్నెండున్నరకు లైట్లు ఆరిపోయాయి. షిన్‌చులోని ఆ మూడంతస్తుల చిప్పుల కంపెనీ భవనంలో మధ్యాహ్నపు కునుకు కూడా ఒక నియమమే. భోజనం డబ్బాలు మూసి, చెంప కింద మెత్తటి దిండ్లు పెట్టుకుని, నూట నలభై మంది ఎవరి బల్ల మీదికి వారు ఒరిగి, ఒంటిగంటన్నరకు మళ్లీ లైట్లు వెలిగేదాకా బుద్ధిగా కళ్లు మూసుకుంటారు. ఫాన్‌జ్యాంగ్ ఫంగ్-చిన్ ఒక్కతే పరీక్షల గదిలో మేలుకుని కూర్చుంది. ఎదుట బల్ల మీద రోగికి మందు ఎక్కించే పంపు, దాని అరచేయంత గాజు తెర వెలుగుతూ ఉంది. పక్కన సంతకానికి బదులు వేసే, ఆమె పేరు చెక్కిన కొమ్ము ముద్ర, ఎర్ర సిరా డబ్బీ. వాటి కింద, అట్టడుగున ముద్ర కోసం ఒక గడి ఖాళీగా వదిలిన నివేదిక. నివేదిక సారాంశం ఒకే వాక్యం: ఇరవై వేల స్పర్శలలో ఒక్క లోపమైనా కనబడలేదు. లైట్లు వెలిగేసరికి ముద్ర పడాలి, మూడు గంటలకు అది ఆసుపత్రి విచారణ సంఘం ముందుకు చేరాలి. చేరితే, మందు మోతాదు ఐదు నొక్కవలసిన చోట యాభై ఐదు నొక్కి ఒక ముసలాయనను చావు అంచుదాకా తీసుకుపోయింది ల్యావ్ ఫెయ్-రూ అనే ఇరవై ఆరేళ్ల నర్సేనని తేలిపోతుంది, ఆమె పట్టా రద్దవుతుంది. వాక్యం అబద్ధం కాదు. ఆ ఇరవై వేల స్పర్శలూ ఫంగ్-చిన్ వేలితోనో, ఆమె కింద పనిచేసే పెయ్-ష్వాన్ వేలితోనో లెక్కపెట్టి చేసినవే. అబద్ధం కాని వాక్యం కింద ముద్ర వేయడానికి చేయి ఎందుకు రావడం లేదో, యాభై ఎనిమిదేళ్ల వయసులో, ముప్పై రెండేళ్ల అనుభవంతో, ఆమెకు అర్థం కావడం లేదు.

నర్సు రాసి ఇచ్చిన వాంగ్మూలం రెండున్నర పేజీలు. గుండ్రని చేతిరాత, బడి పిల్లల చేతిరాత. ఏది చెప్పాలో తెలియనివారు అన్నీ చెబుతారు, ఈ పిల్ల కూడా అన్నీ చెప్పింది: ఆ రోజు తాను అనాసపండు ముట్టలేదని (ముడితే వార్డు రోగులతో కిక్కిరిసిపోతుందని నర్సుల నమ్మకం), ముసలాయన తనను తన కూతురి పేరుతో పిలిచాడని, మాటిమాటికీ సూది పీకేసుకోబోతుంటే ఎడమ చేత్తో ఆయన చేతిని మంచం కమ్మీకి అదిమి పట్టుకుని కుడి చేత్తో తెర నొక్కానని. "ఐదు ఒకసారే నొక్కాను. యాభై ఐదు పడింది. చెరిపేలోగా 'సరే' గడి దానంతట అదే వెలిగి పంపు కదిలింది." అనాసపండు దగ్గరా, కూతురి పేరు దగ్గరా, అదిమి పట్టుకున్న చేతి దగ్గరా కంపెనీ వకీలు పసుపు రంగు పూసి, అంచున 'అప్రస్తుతం' అని రాశాడు. మొదటిసారి చదివినప్పుడు ఫంగ్-చిన్ కూడా అప్రస్తుతమనే అనుకుంది. పదకొండోసారి చదివినప్పుడు కూడా అనుకుంది. కాని అప్రస్తుతమైన దానిని మనిషి పదకొండుసార్లు ఎందుకు చదువుతుంది?

కిటికీ అవతల గాలి. తొమ్మిదో నెల గాలి, ఈ ఊరికి పేరు తెచ్చిన గాలి, బియ్యపు సేమియాను ఒక్క పూటలో ఎండబెట్టే గాలి. చిన్నప్పుడు షిన్‌వు పల్లెలో అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుంటే ఈ గాలికే గుడ్డలన్నీ రెపరెపలాడేవి, అమ్మ నోట్లో గుండుసూదులు, మెడలో కొలత పట్టీ. వానాకాలం ఆ గుడ్డ పట్టీ చెమ్మకు సాగేది. "సాగితే సాగనీ, పిల్లా. బట్ట కూడా అంతే సాగింది. రెండూ కలిసి సాగితే రవిక సరిగ్గానే వస్తుంది." ఇరవై ఆరో ఏట ఫంగ్-చిన్ ఆ రవికనే స్పర్శ తెరను నడిపే చిప్పులోకి ఎక్కించింది. గాజు కింద సన్నని తీగల వల ఉంటుంది. వేలు దగ్గరికి రాగానే వాటి మీది విద్యుత్తు రవ్వంత వేలిలోకి జారుతుంది. ఆ రవ్వంతను అంకెగా మార్చడమే ఆమె ఉద్యోగం. కరెంటు సరఫరా ఎప్పుడూ నిలకడగా ఉండదు, వణుకుతుంది, ఆ వణుకు రవ్వంతలో కలిస్తే వేలు లేనిచోట వేలున్నట్టు అంకె పుడుతుంది. వణుకును ఆపబోయి అందరూ అలసిపోతున్న రోజులవి. ఆపనక్కర్లేదు, కొలిచే దానినీ కొలబద్దనూ ఒకే సరఫరా మీద నిలబెడితే చాలు, రెండూ కలిసి వణుకుతాయి, నిష్పత్తి కదలదు అని చెప్పింది ఆమె. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మీదే ముప్పై రెండేళ్లు నడిచాయి. అమ్మ చెప్పని రెండో సగం ఒకటి ఉంది: రెండూ కలిసి సాగినంతకాలం, పట్టీ సాగిందని ఎవరికీ తెలియదు. ఇది ఇప్పుడెందుకు గుర్తుకు వచ్చింది? రవికకూ నర్సుకూ ఏమిటి సంబంధం?

పంపు నెత్తిన ఆకుపచ్చ పొట్లం ఒకటి కూర్చుని ఉంది. కొబ్బరి రుచి చిరుతిండి. దాని పేరే 'బుద్ధిగా ఉండు', యంత్రాలు మొరాయించకుండా నెత్తిన పెట్టే తాయెత్తు. ఈ దేశంలో అది లేకుండా సర్వరు నడవదు, టోల్‌గేటు తెరుచుకోదు, శస్త్రచికిత్స గదిలో యంత్రం ఊపిరి తీయదు. ఆకుపచ్చదే కావాలి, పసుపు పెడితే యంత్రం అలుగుతుంది. గడువు దాటకూడదు, విప్పి తినకూడదు. పొద్దున పెయ్-ష్వాన్ కొత్తది తెచ్చి రెండు చేతులతో పెట్టింది.

"నిన్నటిది గడువు దాటిపోయిందక్కా. అందుకే మీ మనసు కుదురుగా లేదు."

"గడువు దాటితే లోపం కనబడాలి కదా. కనబడకపోవడమేమిటే?"

"అదే చెబుతున్నా. యంత్రం మరీ ఇంత బుద్ధిగా ఉంటే అది కూడా అపశకునమే. మా తమ్ముడు ఇంత బుద్ధిగా ఉన్నాడంటే ఏదో పగలగొట్టి దాచాడనే లెక్క."

అప్పుడే విభాగాధిపతి చుంగ్ తలుపులోంచి తొంగిచూశాడు. పద్దెనిమిదేళ్ల కిందట టంకం పెట్టడం కూడా రాక వేలు కాల్చుకుంటే, ఫంగ్-చిన్ చన్నీళ్ల గిన్నె తెచ్చిపెట్టిన చుంగే. "అక్కా, ముద్ర వేస్తారా, లేక మీ ముద్రకి కూడా ఒక పొట్లం కొనిపెట్టమంటారా?" నవ్వుతూనే అన్నాడు. నవ్వుతూ అనేవే ఎప్పుడూ ఆజ్ఞలు.

మరీ బుద్ధిగా. ఆ మాట పంటి సందులో పీచులా ఇరుక్కుంది. ఇరవై వేల స్పర్శలకు ఒక్క తప్పూ లేదంటే ఇది ఎంత మంచి యంత్రం! ఎంత మంచిదంటే, తొమ్మిదేళ్ల కిందట తాము దానికి చేసినది కూడా దానికి తగల్లేదు. తొమ్మిదేళ్ల కిందట... ఆ తలుపు ఆమె తెరవదలచుకోలేదు, గాలికి అదే తెరుచుకుంది. అప్పటిదాకా ఆమె చిప్పు ప్రతి కొలతకూ ముందు క్షణకాలం ఊరుకునేది. ఏమీ కొలవక, తాను ఏ సంకేతమూ పంపక, చుట్టూ ఏ రొద ఉందో విని, రొద లేని చోటు చూసుకుని అక్కడ కొలిచేది. వినే విరామం అని పేరు పెట్టింది. వెయ్యి భాగాలు చేసిన సెకనులో నాలుగు భాగాలు, అంతే. ఆ నాలుగు భాగాల వల్ల తెర బద్ధకంగా ఉందట, వేలికీ అంకెకూ మధ్య ఎడం తెలుస్తోందట; ఎవరికి తెలుస్తోందో ఎవరూ చెప్పలేదు. "మీ చిప్పు ఆలోచించి మాట్లాడుతుంది అక్కా, ఈ కాలంలో ఎవరికి కావాలి?" అన్నాడు అప్పుడే విభాగాధిపతి అయిన చుంగ్, అందరూ నవ్వారు, ఆమె నవ్వలేదు, అభ్యంతరం రాసింది, ఆ అభ్యంతరాన్ని ఫైలులో పెట్టారు, దాని మీది కాగితం విరామాన్ని తీసేయడానికి అనుమతి, దాని మీద ముద్ర ఎవరిది? ఈ కొమ్ముదే. ఈ ఎర్రసిరాయే. అభ్యంతరం చెప్పిన చేయీ, ముద్ర వేసిన చేయీ ఒకటే అయినప్పుడు చరిత్రలో మిగిలేది ముద్ర. ఇంత చదువుకున్నది, ఎందరి పిరికితనాన్నో పుస్తకాలలో గుర్తుపట్టి అసహ్యించుకున్నది, తన పిరికితనాన్ని మాత్రం పద్ధతి అనుకుంది.

కాని పరీక్షలో లోపం లేదు. అక్కడికే వస్తోంది మళ్లీ. కోపం ఒక వైపు, లెక్క ఒక వైపు. లెక్క ఎప్పుడూ కోపం మాట వినలేదు, వినకూడదు కూడా. తప్పు ఉండాలని కోరుకున్నంత మాత్రాన తప్పు పుట్టదు. ఆ పిల్ల అలసిపోయి ఉంటుంది, పన్నెండు గంటల డ్యూటీ, వేలు వణికి రెండుసార్లు తగిలి ఉంటుంది. వేళ్లు వణుకుతాయి. తన వేలు వణకలేదా?

వణికింది. ఐదేళ్ల కిందట, సాయంత్రం నాలుగు దాటి పది నిమిషాలకు. ఆసుపత్రిలో భర్త రోంగ్-ఫా మంచం పక్కన ఇనుప స్టూలు. షిన్‌చు నుంచి చుతుంగ్ దాకా ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపినవాడు, ఏ మలుపులోనూ ఎవరినీ తూలనివ్వనివాడు, ఊపిరి కోసం ఎగశ్వాసగా వెతుక్కుంటున్నాడు. ఆయన కుడి చేయి ఆమె ఎడమ చేతిలో, రెండూ కలిపి మంచం కమ్మీ మీద. కూతురు యా-జు కావ్‌షుంగ్ నుంచి రైల్లో వస్తోంది. ఫోనులో చార్జింగు అయిపోతే, వరండా చివరి కొట్లో చార్జరు కొని గోడకు తగిలించి, కుడి చేత్తో కూతురి నంబరు నొక్కితే ఆరు పడింది, ఆరు మీద ఆరు పడింది, లెక్కల యంత్రం తెరుచుకుంది, మళ్లీ నొక్కితే ఎవరో ఎత్తి "సేమియా ఎన్ని గిన్నెలండీ?" అన్నాడు, వెనక గిన్నెల చప్పుడు, పొయ్యి చప్పుడు, "అమ్మా, ఎన్ని గిన్నెలు?" భయానికి వేలు వణుకుతోందనుకుంది. చెమట అనుకుంది. అందుకని ఆయన చేయి వదిలి, రెండు చేతులూ లంగాకు తుడుచుకుని, ఫోనును ఒడిలో పెట్టుకుని నొక్కింది. మొదటిసారికే కలిసింది. "ఎక్కడున్నావే?" "తాయ్‌చుంగ్ దాటానమ్మా. నాన్న ఎలా ఉన్నాడు?" ఆమె తిరిగి చూసింది. చేయి కమ్మీ మీది నుంచి జారి, అరచేయి పైకి తెరుచుకుని, ఎవరో దానిలో ఏదో పెడతారన్నట్టు దుప్పటి మీద పడి ఉంది.

వేలు అంత వణికింది కదా, వదిలిన మరుక్షణం ఎందుకు ఆగింది? ఈ ప్రశ్న ఐదేళ్లలో ఎన్నిసార్లు వచ్చిందో, వచ్చిన ప్రతిసారీ ఆమె దానిని ఇంకో ప్రశ్న కింద దాచింది: ఎందుకు వదిలాను? ఆ రెండో ప్రశ్నకు జవాబు లేదు కనుక, అది దుఃఖం కనుక, దుఃఖాన్ని ఎవరూ సంకేతాల వణుకు చూపించే స్కోపుకు తగిలించి చూడరు కనుక, మొదటిది దాని కింద అలాగే ఉండిపోయింది. వదిలితే పనిచేసింది. పట్టుకుంటే చెయ్యలేదు. ఎడమ చేత్తో ఆయన చేతిని మంచం కమ్మీకి... ఎవరు రాశారు ఇది? నేనా? నేనెక్కడ రాశాను? వాంగ్మూలం రెండో పేజీ, పసుపు రంగు పూసిన వాక్యం, గుండ్రని చేతిరాత. ఒక్క క్షణం ఏ మంచం ఎవరిదో, ఏ ముసలాయన ఎవరి భర్తో ఆమెకు తెలియలేదు. సేమియా ఎన్ని గిన్నెలు? ఐదు. కాదు, యాభై ఐదు.

ఆమె తన ఎడమ చేతి వంక చూసుకుంది. మణికట్టుకు నల్ల పట్టీ, పట్టీ నుంచి బల్లకు తీగ, బల్ల నుంచి ఎర్తుకు. ఈ గదిలోకి ఎవరు వచ్చినా మొదట కట్టుకునేది అదే, చిప్పులకు హాని కలగకుండా. ముప్పై రెండేళ్లలో అది గడియారంలా ఒంటిలో కలిసిపోయింది. పంపు వెనక నుంచి ఇంకో తీగ, ప్రతి స్పర్శనూ కంప్యూటరులో రాసే నమోదు తీగ. కంప్యూటరు ఎర్తు మీదే ఉంది, కనుక ఆ తీగ తగిలినంతసేపూ పంపు కూడా ఎర్తు మీదే ఉంది. సరఫరాలో ఎంత వణుకున్నా పంపును వణికించకుండా ఆ తీగ దాన్ని నేలలోకి దింపేస్తోంది. కొలిచే మనిషీ, కొలవబడే యంత్రమూ, బల్లా, కంప్యూటరూ, అందరూ ఒకే నేల మీద. అమ్మ కొలత పట్టీ. ఇరవై వేల స్పర్శలలోనూ లోపాన్ని వెతకడానికి తగిలించిన తీగే లోపాన్ని మాన్పుతోంది. ఆసుపత్రిలో ఏ తీగా లేదు. అక్కడ పంపు గోడ అడాప్టరు మీద దిక్కులేకుండా తేలుతూ, దాని వణుకుతో పాటు వణుకుతూ ఉంటుంది. నర్సు రబ్బరు చెప్పుల మీద తానూ తేలుతూ నిలబడినంతసేపూ పెద్ద ఇబ్బంది లేదు. ఆమె ఎర్తు ఉన్న మంచాన్ని పట్టుకున్న క్షణాన మాత్రం, ఆ వణుకంతా గాజు గుండా, ఆమె వేలి గుండా, గుండెల మీదుగా, ఎడమ చేతి గుండా నేలకు దారి చూసుకుంటుంది. తెరకు అది వేలి మీద వేలిలా కనిపిస్తుంది. వినే విరామం ఉంటే చిప్పు విని ఉండేది. అంతేనా? ఇంత తేలికా? తేలికైనది కనుకనే ఆమెకు నమ్మకం కలగలేదు. నా శోకానికి అనుకూలంగా లెక్క అల్లుతున్నానా?

ఒంటిగంట పది. సాక్ష్యాల పెట్టెలో, ఆసుపత్రి పంపిన అడాప్టరు సీలు వేసిన సంచిలో అలాగే ఉంది. కంపెనీ పద్ధతి ప్రకారం పరీక్ష కంపెనీ అడాప్టరుతోనే చేయాలి, అందుకని ఎవరూ విప్పలేదు. మచ్చలేని సరఫరా మీద మచ్చ వెతికారు. ఆమె సంచి చింపింది. అడాప్టరు మార్చింది. నమోదు తీగ పీకగానే కంప్యూటరు మీద 'నమోదు ఆగిపోయింది' అని ఎర్రగా వచ్చింది. సరే, ఇక ఏం జరిగినా రాసిపెట్టేవారు లేరు. పట్టీ విప్పితే మణికట్టు చుట్టూ తెల్లని గీత కనిపించింది. ఐదు నొక్కింది. ఐదు పడింది. మళ్లీ నొక్కింది. ఐదే. అది ఊరటో ఓటమో తెలియలేదు. చెరిపి, ఎడమ చేయి చాచి పరికరాల అలమర ఇనుప కాలును, ఎర్తు తీగ బిగించి ఉన్న కాలును పట్టుకుని, ఐదు నొక్కింది. ఐదు. ఐదు పక్కన ఐదు. 'సరే' గడి దానంతట అదే వెలిగింది. నిద్రపోతున్న భవనంలో పంపు చిన్నగా, విధేయంగా తిరగసాగింది.

పెయ్-ష్వాన్ చొక్కా చేయి ముడత చెంప మీద అచ్చుపడి ఉండగా కళ్లు నులుముకుంటూ లోపలికి వచ్చింది. "ఏంటక్కా, పంపు చప్పుడు..."

"మాట్లాడకు. ఫోను తీసి వీడియో తియ్యి. ముందు నా ఎడమ చెయ్యి, తరవాత తెర. తెర ఒక్కటే తీస్తే చెంప పగులుతుంది."

పట్టుకుని ఆరుసార్లు, వదిలి ఆరుసార్లు నొక్కింది. వదిలినప్పుడు ఐదు, పట్టుకున్నప్పుడు యాభై ఐదు, ఒకసారి ఐదు వందల యాభై ఐదు. "అమ్మో," అని పెయ్-ష్వాన్ పంపు నెత్తిన ఉన్న ఆకుపచ్చ పొట్లం వైపు చూసింది, అది మోసం చేసినట్టు.

లైట్లు వెలిగాయి. చుంగ్ వచ్చాడు, చూశాడు. తరువాత గొంతు తగ్గించి అన్నాడు: "చెయ్యి తీస్తే బాగానే ఉంది కదక్కా. వాడకం పుస్తకంలో ఓ వాక్యం చేరుద్దాం. తెర తాకేటప్పుడు రెండో చేత్తో దేన్నీ పట్టుకోకూడదు అని."

"వాక్యం సూటిగా ఉండాలి చుంగ్. రోగి చెయ్యి వదిలేసి నొక్కవలెను అని రాయి. రాసి దాని కింద నీ ముద్ర వెయ్యి."

"విరామం తీసేసిన కాగితం బయటికొస్తుందక్కా. తొమ్మిదేళ్ల కిందటిది. దాని మీద మీ ముద్రే ఉంది."

"ఉంది. నేనే జత చేస్తున్నా."

నివేదికలోని వాక్యాన్ని ఆమె ఒకే గీతతో కొట్టేసింది. దాని పైన చిన్న అక్షరాలతో రాసింది: ల్యావ్ ఫెయ్-రూ ఐదును ఒకసారే నొక్కింది. ఎడమ చేయి ఎక్కడ ఉందో ఆమె రెండో పేజీలో చెప్పింది. కొమ్మును సిరాలో అద్ది, గడిలో నిలువుగా నొక్కి, అంచులన్నీ పడేలా ఒకసారి ఒత్తి ఎత్తింది. అదంతా ఒంటి చేత్తోనే చేసింది. కాగితం జరగకుండా పెయ్-ష్వాన్ పట్టుకోవలసి వచ్చింది.

"అక్కా, వీడియో ఎప్పుడో ఆపేశాను," అంది పెయ్-ష్వాన్ మెల్లగా. "ఇక వదిలేయొచ్చు."

ఫంగ్-చిన్ ఎడమ చేయి తీయలేదు. వేలు వణకలేదు. ఆ రోజు కూడా వణకలేదు. ఇంట్లో సొరుగులో ఆ ఫోను ఇంకా ఉంది. దానిలో ఎవరి చిప్పు ఉందో ఆమె ఎన్నడూ విప్పి చూడలేదు. వేళ్ల కింద అలమర కాలు చల్లగా ఉంది. ఆమె వదిలినప్పుడు ఆయన చేయి ఇంకా వెచ్చగానే ఉంది.